సముద్రపు ఊరిలో పాత స్టేషన్ వ్యాగన్: ఇండిగో మెరీనా డైరీ

2024 నవంబరు, మొదటి వారం

ఎలాంటి కారు కావాలో ముందే తెలుసు. ఎత్తైన ఎస్‌యూవీ ఎక్కడానికి అమ్మ మోకాళ్లు సహకరించవు. మడిచే చక్రాల కుర్చీ దూరడానికి సెడాన్ డిక్కీ నోరు చాలదు. హ్యాచ్‌బ్యాక్‌లో కుర్చీ పెడితే ఊరి నుంచి తెచ్చుకునే బియ్యం బస్తాకు చోటుండదు. సీటు సెడాన్ ఎత్తులో ఉండాలి, వెనక భాగం పైకప్పు దాకా ఖాళీగా ఉండాలి, వెనక తలుపు బాగా కింది దాకా తెరుచుకోవాలి. ఇవన్నీ ఉన్నది స్టేషన్ వ్యాగన్ ఒక్కటే.

మన దేశంలో ఈ ఆకారానికి ఎప్పుడూ తగిన ఆదరణ దక్కలేదు, నాకది నిజంగా బాధగా ఉంటుంది. 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది. ఆ తర్వాత మారుతీ బలెనో ఆల్ట్యూరా, ఫియట్ సియెనా వీకెండ్, ఓపెల్ కోర్సా స్వింగ్, స్కోడా ఆక్టావియా కాంబీ ఒకటొకటిగా వచ్చి వెళ్లిపోయాయి. 2004లో టాటా వారిదే ఇండిగో మెరీనా వచ్చింది, ఇండిగో సెడాన్‌కు వ్యాగన్ రూపం. నా బడ్జెట్‌లో, రోజూ నడపగలిగే స్థితిలో దొరికేది ఇదొక్కటే. ఇండికాలు, ఇండిగోలు ఏళ్ల తరబడి టాక్సీలుగా తిరిగాయి కాబట్టి వాటి ఇంజన్, గేరుబాక్సు, సస్పెన్షన్ భాగాలు ఈ రోజుకీ ఆటోనగర్‌లో దొరుకుతున్నాయి. 1.4 లీటర్ల డీజిల్ ఇంజన్‌ను కళ్లు మూసుకుని విప్పగల మెకానిక్కులు పేటకొకరు ఉన్నారు.

అయితే మెరీనాకు ఇండిగోతో పోలిక వెనక సీటు తలుపుల దాకానే. అక్కడి నుంచి వెనక్కి ఉన్న పక్క అద్దాలు, వాటి రబ్బర్లు, డిక్కీ తలుపు, వెనక లైట్లు, పైకప్పు వెనక భాగం మెరీనాకు మాత్రమే సరిపోతాయి. వాటిలో ఏది పోయినా పాత సామాన్ల దుకాణాలే దిక్కు. అందుకే ఈ కొనుగోలుకు ఒక నియమం పెట్టుకున్నాను: ముందు బాడీ, తర్వాతే ఇంజన్. ఇంజన్ బాగోలేకపోతే ధర తగ్గించమని అడుగుతాను. బాడీ బాగోలేకపోతే దండం పెట్టి వచ్చేస్తాను.

నవంబరు, రెండో వారం

మిత్రులు అడుగుతున్నారు, తుప్పంటే అంత భయమెందుకని. విశాఖలో ఉంటూ ఈ ప్రశ్న అడగకూడదు. ఇక్కడ కారు వానలో తడవకపోయినా తుప్పు పడుతుంది. అలల తుంపర గాలిలో కలిసి ఉప్పును మోసుకొస్తుంది. ఒడ్డు నుంచి మొదటి కొన్ని వందల మీటర్లలోనే అందులో ఎక్కువ భాగం రాలిపోతుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే రేకు మీద పడిన ఉప్పు దానంతట అదే ఆ తేమను పీల్చుకుని నీరుగా మారుతుంది. రాత్రిపూట ఆ మాత్రం తేమ ఇక్కడ మామూలే. అంటే షెడ్డులో నిలిపిన కారు కూడా ప్రతి రాత్రీ ఉప్పునీటిలో తడుస్తున్నట్టే.

పైగా ఉప్పులోని క్లోరైడు ఖర్చయిపోదు. ఇనుమును తుప్పుగా మార్చి, అక్కడే ఉండి, మళ్లీ పని మొదలుపెడుతుంది. తుప్పు ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పెయింటును లోపలి నుంచి పైకి నెడుతుంది. పెయింటు మీద చిన్న పొక్కు కనిపించే సరికి రేకు అవతలి వైపు పని చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

కాబట్టి కారు ఏ కంపెనీది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అనే ప్రశ్నలకంటే ముందు అడగవలసింది, అది రాత్రిళ్లు ఎక్కడ పడుకుంది అని. సముద్రం ఒడ్డున లాసన్స్ బే కాలనీలో పదేళ్లున్న కారూ, ఒడ్డుకు దూరంగా పెందుర్తిలో పదేళ్లున్న కారూ ఒకే వయసువి కావు.

హైదరాబాదులో కొనమని బావ సలహా. తేమ తక్కువ, ఉప్పు గాలి లేదు, బాడీలు బాగుంటాయి, అంతా నిజమే. కానీ తెలంగాణ రిజిస్ట్రేషన్ కారయితే అక్కడ నిరభ్యంతర పత్రం తీసుకుని, ఇక్కడ మళ్లీ జీవితకాల పన్ను కట్టి, కొత్త నంబరు తీసుకోవాలి. లక్ష రూపాయల లోపు కారుకు అంత తిరుగుడు నాకు దండగ అనిపించింది. విశాఖ చుట్టుపక్కలే, సముద్రానికి దూరంగా పెరిగిన కారు కోసం వెతుకుతున్నాను.

నవంబరు, చివరి వారం

మొదట చూసినది బీచ్ రోడ్డుకు దగ్గరలోని ఒక మెరీనా. రంగు తళతళలాడుతోంది. ఇంజన్ సగం తిప్పుకే అందుకుంది. కిందికి వంగి చూస్తే ఈ చివర నుంచి ఆ చివరకు నల్లటి తారు పూత, ఇంకా వాసన కూడా పోలేదు. అమ్మే ఆయన దాన్నే గొప్పగా చూపించారు.

ఆ నలుపు చూడగానే నా ఉత్సాహం చల్లారింది. కొత్త కారు శుభ్రమైన రేకు మీద వేస్తే ఆ పూత మంచిదే. పాత తుప్పు మీద వేస్తే అది తేమను, ఉప్పును లోపల బిగించి పెడుతుంది. రేకు ఎవరికీ కనిపించకుండా తినబడుతుంది. అమ్మకానికి ముందు వేసిన పూత కొనేవాడి కంటికి కట్టిన గంత అనే నేను అనుకుంటాను. జేబులో ఉన్న చిన్న అయస్కాంతానికి పలచటి గుడ్డ చుట్టి తలుపుల కింద పొడవునా ఉండే రన్నింగ్ బోర్డు మీద జరిపాను. ముందు చక్రం వెనక అంటుకుంది, జానెడు దూరం పోయాక జారి పడింది. అక్కడ ఉన్నది రేకు కాదు, పుట్టీ.

ఆయన అనుమతి తీసుకుని రన్నింగ్ బోర్డు కింద జాకీ పెట్టి కొద్దిగా లేపాను. కారు లేచింది, వెనక తలుపు మాత్రం మూసుకోలేదు. ఈ తరహా కార్లకు లారీలకు ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. అందులో రన్నింగ్ బోర్డు పెట్టె ఇంటికి దూలం లాంటిది. జాకీ మీద తలుపు సందు మారిందంటే ఆ దూలం పోయినట్టే. ధర ఎంత తగ్గిస్తానన్నా ఇక ఆగలేదు.

రెండోది అనకాపల్లి దగ్గర ఒక దళారి చూపించారు. ధర ఆశ్చర్యపోయేంత తక్కువ. సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో వేలాది వాహనాలు మునిగిన సంగతి గుర్తుంది కాబట్టి సీటు బెల్టును చివరిదాకా లాగి చూశాను. పైన శుభ్రంగా ఉంది; ఎప్పుడూ బయటికి రాని చివరి మూరెడు భాగంలో మాత్రం బురద గీత స్పష్టంగా కనిపించింది. సీటు కింది పట్టాల బోల్టులు కొత్త తుప్పుతో ఎర్రగా ఉన్నాయి. వరద పాలైన కారు తప్పకుండా చెడ్డదేనని నేను అనను. కానీ ఆ సంగతి చెప్పకుండా అమ్మేవారి దగ్గర కొనను.

డిసెంబరు, రెండో వారం

పెందుర్తి. రిటైరైన మాస్టారి మెరీనా. 2008లో రిజిస్టరైంది, మొదటి నుంచీ ఒకే యజమాని. పెయింటు పూర్తిగా వెలిసిపోయింది, బానెట్ మీద చేయి పెడితే సుద్దలా అంటుకుంటోంది. ముందు బంపరు మీద పాత గీతలు, స్టార్టింగ్‌లో నల్లటి పొగ, క్లచ్ బరువు. ఎవరూ తీసుకెళ్లకపోవడానికి కారణాలన్నీ పైకే కనబడుతున్నాయి.

“మాస్టారూ, కింద ఒకసారి పడుకుని చూడవచ్చా?” అన్నాను.

“చాప తెమ్మంటారా బాబూ?” అన్నారాయన.

కింద తారు పూత లేదు. ఫ్యాక్టరీ సీలెంట్ చాలాచోట్ల ఉన్నది ఉన్నట్టే ఉంది. మట్టి గీకితే అసలు రంగు కనబడింది. అయస్కాంతం రెండు రన్నింగ్ బోర్డుల మీదా ఆ చివర నుంచి ఈ చివరకు ఎక్కడా జారలేదు. జాకీ మీద తలుపులన్నీ మామూలుగానే మూసుకున్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊరిలో ఉన్న కారు కాబట్టి పైకప్పు మీద కూడా అయస్కాంతం నడిపించాను. చెట్టు పడి, పుట్టీతో సరిచేసిన కార్లు ఆ ఏడాది నుంచి చాలానే తిరుగుతున్నాయి. ఇది వాటిలో లేదు. తుఫాను రాత్రి కల్యాణ మండపం సెల్లారులో పెట్టానని మాస్టారు చెప్పారు.

లోపాలు లేవని కాదు. ఎడమ వెనక చక్రం పైన, లోపలి వంపులో, అరచేయంత భాగం మెత్తబడింది. స్క్రూడ్రైవర్ పిడితో తడితే గట్టి రేకు మోగుతుంది. ఇక్కడ చప్పగా పలికింది. రోడ్డు అంచు నీళ్లు, బురద ఎక్కువగా తగిలేది మనకు ఎడమ పక్కే. డిక్కీ తలుపు కింది అంచున పొక్కులు వరుస కట్టాయి. వెనక కార్పెట్ ఎత్తితే ఒక మూల చెమ్మగా ఉంది. ఈ మూడూ ఆయనకు చూపించాను. “నాకు తెలియదు, చూపించారు, మంచిదే,” అంటూ ఆయనే 1,05,000 నుంచి 88,000కు తగ్గారు. నేను ఇంకేమీ అడగలేదు.

డిసెంబరు, చివరి వారం

కాగితాలు. 15 ఏళ్లు నిండినప్పుడు, 2023లో, మాస్టారు రిజిస్ట్రేషన్ ఐదేళ్లకు పునరుద్ధరించుకున్నారు. 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుము కార్లకు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. ఫిట్‌నెస్ తనిఖీ, హరిత పన్ను వేరు. పాత కారు కొనేవారు ఈ గడువు తేదీని ధరలో భాగంగానే చూడాలి. గడువు దాటిపోయిన కారు అయితే ఆ పని, ఖర్చు మన నెత్తిన పడతాయి.

యాజమాన్య బదిలీకి ఫారం 29, ఫారం 30, ఆపైన బీమా బదిలీ, పొల్యూషన్ సర్టిఫికెట్. వీటికంటే ముందు నేను చూసినది చాసిస్ నంబరు చెక్కిన చోటు. ఆ అక్షరాల మీద కాగితం పెట్టి పెన్సిలుతో అచ్చు తీస్తారు. తుప్పు ఆ అక్షరాలను తినేసి ఉంటే బాడీ మిగతాదంతా ఎంత బాగున్నా కాగితాల దగ్గర కారు ఆగిపోతుంది. మాస్టారి కారుకు అచ్చు శుభ్రంగా వచ్చింది. ఆ చోట వెంటనే గ్రీజు రాశాను.

2025 జనవరి, సంక్రాంతి తర్వాత

వెనక సీటు, కార్పెట్, పక్క ప్లాస్టిక్ పలకలు అన్నీ విప్పాను. చెమ్మ ఎక్కడి నుంచి వస్తున్నదో తెలియకుండా వెల్డింగుకు పంపితే ఆ డబ్బు నీళ్లపాలే. అమ్మాయి టార్చి పట్టుకుని వెనక భాగంలో కూర్చుంది, నేను బయట హోస్ పైపుతో కింది నుంచి పైకి, ఒక్కో చోట నీళ్లు వదులుతూ వచ్చాను. పై నుంచి మొదలుపెడితే నీరు అన్నిచోట్లకూ జారి ఎక్కడ కారుతున్నదో తెలియదు. డిక్కీ రబ్బరు దగ్గర ఏమీ లేదు. ఎడమ పక్క వెనక అద్దం దగ్గరకు రాగానే “ఇక్కడ నాన్నా!” అని కేక. అద్దం రబ్బరు ఎండి మూలలో బిగుసుకుపోయింది. పైకప్పు మీది కడ్డీల బోల్టుల్లో ఒకదాని కింద కూడా సన్నటి తడి.

అంటే చక్రం పైన రేకు మెత్తబడడానికి కారణం బయటి బురద ఒక్కటే కాదు. లోపలి నుంచి కూడా ఏళ్ల తరబడి నీళ్లు అక్కడికే చేరాయి. వ్యాగన్ కొనేవారు డిక్కీ కార్పెట్ తప్పకుండా ఎత్తి చూడాలి, వాసన కూడా చూడాలి. సెడాన్‌కు లేని అద్దాలు, కడ్డీలు, కీళ్లు దీనికి వెనకే ఉన్నాయి.

తలుపుల కింది అంచుల్లోనూ రన్నింగ్ బోర్డుల కిందా నీరు పోవడానికి రంధ్రాలుంటాయి. ఎక్కువ భాగం మట్టితో పూడిపోయి ఉన్నాయి. రాగి తీగతో పొడిచి, నీళ్లు పోసి, అవతల కారేదాకా కదిలించాను. కుడి ముందు తలుపు నుంచి గ్లాసెడు బురద నీరు వచ్చింది. ఈ పనికి పైసా ఖర్చు లేదు. కారు ఆయుష్షు మీద దీనికున్నంత ప్రభావం ఖరీదైన పూతలకు లేదని నా నమ్మకం.

జనవరి, చివరి వారం

టింకరింగ్ మేస్త్రీ చేయి తిరిగిన మనిషి. ఆయనతో వాదన కూడా తప్పలేదు.

“సార్, అరచేయంతే కదా. పుట్టీ పెట్టి, పైన బ్లాక్ కొడితే సాయంత్రానికి తీసుకెళ్లిపోవచ్చు.”

“మేస్త్రీ గారూ, మెత్తబడినదంతా కోసి, గట్టి రేకు వచ్చేదాకా వెళ్లి, కొత్త రేకు వేయండి. ఎంత పెద్ద కన్నం అయినా ఫరవాలేదు.”

కోస్తే అరచేయి కాస్తా జానెడు అయింది. బయటికి కనిపించేది ఎప్పుడూ సగమే. 20 గేజి రేకు, అంటే దాదాపు 0.9 మిల్లీమీటర్ల మందం, బాడీ రేకుకు సరిపోతుంది. గ్యాస్ వెల్డింగు వద్దన్నాను. ఆ వేడికి చుట్టుపక్కల రేకు వంకర పోతుంది, అవతలి వైపు పెయింటు మాడి మళ్లీ తుప్పుకు దారి ఇస్తుంది. సీవోటూ వెల్డింగుతో, ఒకేసారి పొడవునా లాగకుండా చుక్క చుక్కగా, మధ్యలో చల్లారనిస్తూ అతికించారు. బ్యాటరీ వైర్లు ముందే తీసేశాం. డీజిల్ గొట్టం దగ్గరలోనే ఉంది కాబట్టి దాన్ని విప్పి పక్కకు తప్పించి, తడి గోనెసంచులు కప్పి, బకెట్ నీళ్లు పక్కన పెట్టుకున్నాం. అతుకుల మీద జింక్ ప్రైమరు, దానిపైన ఎపాక్సీ ప్రైమరు, కీళ్లలో సీలెంట్. పని పూర్తయ్యాక మేస్త్రీయే రెండు మూడు చోట్ల సుత్తితో తట్టి ఆ శబ్దం నాకు వినిపించారు. ఆయన ముఖంలో సంతోషం దాగలేదు.

ఫిబ్రవరి, రెండో వారం

కోయవలసిన అవసరం లేని పైపై తుప్పు ఇంకా చాలాచోట్ల ఉంది. సస్పెన్షన్ చేతులు, కింది బ్రాకెట్లు, సీటు కాళ్లు. వైర్ బ్రష్‌తో పొరలు రాలిపోయేదాకా రుద్దాను. తర్వాత మంచినీళ్లతో కడగడం. ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. ఉప్పు కడగకుండా ఏ మందు రాసినా ఆ పూత కిందే తుప్పు మళ్లీ మొదలవుతుంది.

నీళ్ల సంగతి ఇక్కడే చెప్పాలి. ఇంట్లో వడపోత యంత్రం కోసం కొన్న టీడీఎస్ మీటరు ఉంది, నీటిలో కరిగిన లవణాలను కొలిచేది. మా అపార్ట్‌మెంట్ బోరు నీటిలో ముంచితే 1,500 దాటింది, కుళాయి నీటికి 200 లోపే. సముద్రం దగ్గరి బోరులో ఉప్పదనం ఉంటుంది. అలాంటి నీటితో వారం వారం కారు కడిగితే ఉప్పు కడుగుతున్నామా, రాస్తున్నామా? వాటర్ సర్వీసింగుకు ఇచ్చేవారు ముందుగా ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూసినా చాలు.

ఆరాక టానిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ రాశాను. ఎర్రటి తుప్పు కాసేపటికి నీలినలుపుకు తిరిగింది. ఈ రసాయనం మన వాళ్లకు కొత్త కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను ముందు కరక్కాయ, పాలలో నానబెడతారు. పాత ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో పులియబెట్టిన కషాయంతో గీత గీస్తే కరక్కాయలోని టానిన్, ఆ ఇనుము కలిసి నల్లగా మారతాయి. నా కారు కింద జరిగినదీ అదే చర్య. బొమ్మ గీసే చేతులకు శతాబ్దాలుగా తెలిసిన పనిని కారు కింద పడుకుని చూడడం నాకెంతో ఆనందాన్నిచ్చింది. అయితే ఈ నల్లటి పొర తుది పూత కాదు, తేమను ఆపలేదు. మీద ఎపాక్సీ ప్రైమరు, పెయింటు పడాల్సిందే.

ఫిబ్రవరి, చివరి వారం

బ్రేకు గొట్టాలు. వెనక చక్రాలకు వెళ్లే ఉక్కు గొట్టాలు క్లిప్పుల కింద పొలుసులు లేచి ఉన్నాయి. క్లిప్పు తీస్తే గానీ కనబడదు. ఇది బేరాలాడే చోటు కాదు, రెండూ మార్చేశాం. మామూలు రాగి గొట్టం సులువుగా వంగుతుందని మెకానిక్ అన్నాడు. రాగి అదురుకు అలసి పగులుతుంది, అందుకని పూత ఉన్న ఉక్కు గొట్టాలే తెప్పించాను. పాత బ్రేకు ద్రవం టీ డికాక్షన్ రంగులో వచ్చింది. ఆ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, గొట్టాలను లోపలి నుంచి కూడా తినడానికి అదొక కారణం.

ఇంజన్ గురించి రాయడానికి పెద్దగా లేదు. టైమింగ్ బెల్టు, దాని టెన్షనర్, నీటి పంపు, క్లచ్ ప్లేటు, ఫిల్టర్లు మార్చాం. ఇంజెక్టర్లు శుభ్రం చేయించాక నల్లపొగ పోయింది. అన్నీ ఒకే వీధిలో దొరికాయి, మధ్యాహ్నానికి సామాను అంతా చేతికి వచ్చింది. మెరీనా ఎడమ వెనక అద్దం రబ్బరు కోసం మాత్రం ఇంకా వెతుకుతూనే ఉన్నాను. ప్రస్తుతానికి అద్దం తీసి, పాత సీలెంట్ గీకి, కొత్తది వేసి పెట్టాను. హోస్ పైపు పరీక్షకు నిలిచింది.

మార్చి, రెండో వారం

ఎండ ముదిరింది, లోపలి పెట్టెలన్నీ ఎండాయి. ఇప్పుడే క్యావిటీ వ్యాక్స్, అంటే ఆ పెట్టెల లోపలి రేకుకు పట్టే మైనపు పూత, వేయాలి. పొడవాటి సన్నని గొట్టాన్ని రంధ్రాల్లోంచి చివరిదాకా దూర్చి, కొడుతూ వెనక్కి లాగాను. ఎండ వేడికి అది పలచబడి కీళ్లలోకి పాకింది. తర్వాత కింది రంధ్రాలన్నీ మళ్లీ తీగతో తెరిచాను, వ్యాక్స్‌తో అవే మూసుకుపోతే మొదటికి మోసం. వాడేసిన ఇంజన్ ఆయిల్ కొట్టమని సలహా ఇచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. అది రబ్బరు బుష్‌లను పాడుచేస్తుంది, నేల మీద కారుతుంది, నాకు సమ్మతం కాదు. కింద తారు పూత కూడా వేయించలేదు. ప్రతి ఆరు నెలలకూ పడుకుని చూసినప్పుడు నాకు రేకు కనబడాలి.

ఇప్పటిదాకా కారు ధర కాక 46,000 అయింది. అందులో బాడీ పనికి పద్దెనిమిది వేలు, మిగతాది బ్రేకులు, ఇంజన్, టైర్లు. వెలిసిన పెయింటు అలాగే ఉంచాను.

నిన్న అమ్మను సింహాచలం తీసుకెళ్లాం. చక్రాల కుర్చీ ఒక్క చేత్తో వెనక్కి జారింది. ముందు సీటులోకి అమ్మ ఎవరి చేయీ పట్టుకోకుండా కూర్చుంది.

మిగిలిన పని డిక్కీ తలుపు కింది అంచు. పొక్కులు గీకితే లోపలి మడత కూడా పోయింది, పొడవునా ఒక పట్టీ కోసి కొత్తది వంచి అతికించాలి. మేస్త్రీ ఉగాది తర్వాత తీరిక అన్నారు. వానలకు ముందే అయిపోవాలి. అప్పటిదాకా ఆ అంచుకు ఎపాక్సీ ప్రైమరు తప్ప ఇంకేమీ వేయను.